రెండో పిటిషనర్

రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకి బసీలియా మంచం అంచున కూర్చుని ఎడమచేత్తో కుడిచేతి వేళ్లు తెరుచుకునేది. నిద్రలో ఆ చెయ్యి కత్తి పట్టుకున్నట్టే ముడుచుకుపోతుంది. ముందు చిటికెనవేలు, తర్వాత ఉంగరపువేలు, చివరికి బొటనవేలు. తొందరపడితే నొప్పి మోచేతి దాకా పాకుతుంది. అందుకని తొందరపడేది కాదు. అయిదు వేళ్లూ తెరుచుకున్నాక ఆ చేత్తోనే పొయ్యి వెలిగించేది.

మాంసం ఫ్యాక్టరీలో పదేళ్లు దాటిన వాళ్ల చేతులన్నీ అంతే. మాలో కొందరు వేడినీళ్లలో పెడతారు. కొందరు తొడకింద నొక్కి పడుకుంటారు. ఆమె మాత్రం నిద్రపోతున్న పసిపిల్ల గుప్పిట్లోంచి ఏదో తీస్తున్నట్టు ఒక్కో వేలూ విప్పుకునేది.

ఫ్యాక్టరీ నదికి అవతల, నెబ్రాస్కాలో. మేం ఉండేది ఇవతల, అయోవాలో, సూ సిటీ చివర ట్రైలర్ ఇళ్ల వాడలో. మధ్యన మిసోరీ నది, దాని మీద వంతెన. వ్యాన్ బసీలియాది. అందులో పనికెళ్లే మా అయిదుగురిలో లైసెన్సున్నది ఆమెకొక్కతెకే. పొద్దున అయిదింటికి అవతలికి తీసుకెళ్లేది, మధ్యాహ్నం మూడున్నరకి ఇవతలికి తెచ్చేది. వంతెన మీద రాష్ట్రం పేరు రాసిన చిన్న పలక ఒకటుంది. అన్నేళ్లు దాని కిందుగా వెళ్లాం గాని ఎవరమూ తలెత్తి చదవలేదు. ఆ చట్టం వచ్చాక చదివాం.

చట్టం పెద్దదేం కాదు. ఒకసారి దేశం నుంచి పంపించేసిన మనిషి ఈ రాష్ట్రంలో కనబడితే నేరం. ఆ తర్వాత కేంద్రం ఆ మనిషికి కాగితాలిచ్చిందా లేదా అన్నది ఈ రాష్ట్రానికి అక్కర్లేదు. పోలీసు పట్టుకోవచ్చు. జడ్జి వెళ్లిపొమ్మనవచ్చు.

బసీలియాని ఒకసారి పంపించేశారు. అప్పుడామె వేరే ఊళ్లో, వేరే ఫ్యాక్టరీలో పనిచేసేది. ఒక పొద్దున లైను ఆగిపోయింది. యూనిఫారాల వాళ్లు తలుపులన్నిటి దగ్గరా నిలబడ్డారు. చేతొడుగులు తియ్యనిచ్చి, చేతులు కట్టారు. అయిదు నెలలు జైల్లో ఉంచి విమానంలో గ్వాతెమాలాలో దించారు. మూడేళ్ల తర్వాత తిరిగొచ్చింది. ఎలా వచ్చావని ఎవరైనా అడిగితే "నడిచి" అనేది. అంతకుమించి చెప్పేది కాదు.

మొదట్లో మా లైన్లో ఆమె పేరు నోర్మా. నోర్మా అనే ఆమె ఎక్కడో ఉంది, ఆమె కాగితాలివి. అలా చాలామందిమి చేశాం. కొన్నేళ్లకి ఒక సాయంత్రం దుకాణం ముందు ఒకడు ఆమెని కత్తితో పొడిచి వ్యాన్ తాళాలు లాక్కున్నాడు. ఇంకొకరైతే కట్టు కట్టుకుని నోరు మూసుకునేవాళ్లు. ఆమె ఆసుపత్రి మంచం మీంచే పోలీసులకి చెప్పింది. కోర్టుకెళ్లి వాణ్ని వేలెత్తి చూపించింది. నేరంలో దెబ్బతిని, పోలీసులకి సాయం చేసిన వాళ్లకి కేంద్రం కాగితాలిస్తుందట. ఆమెకి ఇచ్చింది, ఆలస్యంగానైనా. అప్పుడు నోర్మాగా రాజీనామా చేసి, బసీలియా త్సోక్‌గా కొత్తగా చేరింది. అదే లైను, అదే బల్ల. సూపర్‌వైజర్ ఒక పూటంతా కత్తి పట్టుకోవడం నేర్పించాడు. ఆమె నేర్చుకుంది.

మా పక్కింటి గ్రెగోరియా ఆ రోజు భోజనాల గదిలో అందరికీ వినబడేలా అంది, "పాపం నోర్మా పోయింది. బంగారంలాంటి పనిమంతురాలు. ఈ కొత్తావిడకి భుజానికీ తొడకీ తేడా తెలీదు."

బసీలియా నవ్వలేదు గాని తన రొట్టెలో సగం తుంచి గ్రెగోరియాకి ఇచ్చింది.

చట్టం మీద కేసు వెయ్యడానికి మనుషులు కావాలని హానా వీర్స్మా అనే లాయరు చర్చి హాల్లోకి వచ్చినప్పుడు ముగ్గురు చేతులెత్తారు. బసీలియా రెండోది. పేర్లు బయటికి రావని, కాగితాల్లో ఒకటో పిటిషనర్, రెండో పిటిషనర్, మూడో పిటిషనర్ అనే ఉంటుందని హానా చెప్పింది.

"నీకెందుకొచ్చిన గొడవ వదినా?" అంది గ్రెగోరియా వ్యాన్‌లో. "నీ దగ్గర కాగితాలున్నాయి. తలొంచుకుని ఉండు."

"కాగితాలున్నా పట్టుకుంటారటే."

"మరీ మంచిది. కాగితాల్లేని నాకూ ఉన్న నీకూ తేడా లేకుండా పోయింది."

"కిందటిసారి కోర్టులో నిజం చెప్తే కాగితాలిచ్చారు" అంది బసీలియా. "ఇంకోసారి చెప్తాను."

ఆమెకి కోర్టు మీద అలాంటి నమ్మకం ఉండేది. మాలో ఇంకెవరికీ లేదు.

చట్టం జులై ఒకటిన మొదలవ్వాలి. జూన్ మధ్యకి వచ్చినా జడ్జి నుంచి ఏ కబురూ లేదు. వాడలో మూడిళ్లు ఖాళీ అయ్యాయి. బసీలియా చెల్లెలు తోమాసా నది అవతల, వంతెనకి పదకొండు నిమిషాల దూరంలో ఉంటుంది. ఒక ఆదివారం బసీలియా తన కూతురు దుల్సేని ఆ ఇంటికి పంపింది. దుల్సేకి పదమూడేళ్లు, ఇక్కడే పుట్టింది, దానికే భయమూ లేదు. బసీలియా భయమల్లా బడి నుంచి అది ఇంటికొచ్చేసరికి తను లేకపోతే ఏమవుతుందనే.

కూతురితోపాటు ఇంట్లో కొలిచే దేవుడు సాన్ మిగెల్‌ని కూడా పంపింది. మూరెడు ఎత్తు చెక్క బొమ్మ, బసీలియా నాన్న చెక్కింది. ఒక చేతిలో కత్తి, ఇంకో చేతిలో తక్కెడ. ఊరి నుంచి మూటలు తెచ్చే మనిషి ఒకప్పుడు దాన్ని మొక్కజొన్న పొత్తుల మధ్య పెట్టి తెచ్చాడు.

ఇక్కడే ఆమె ఒక పొరపాటు చేసింది. మాలో దేవుణ్ని కొన్నాళ్లకి వేరేచోట దాచాలంటే మీద గుడ్డ కప్పి మాట్లాడకుండా తీసుకెళ్తారు. తను నిద్రలో ఉన్నానని ఆయన అనుకుంటాడు. ఇల్లు మూసేసి వెళ్లిపోయేటప్పుడు మాత్రం ధూపం వేసి, ఇంటి నాలుగు మూలలకీ చెప్పి, ఆయనకీ చెప్పి తీసుకెళ్తారు. భయంలో ఉన్న బసీలియా ఆ రోజు గుడ్డ కప్పలేదు. ధూపం వేసింది. నాలుగు మూలలకీ చెప్పింది. ఆయన ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఈ ఇల్లు అయిపోయింది, ఆ ఇంటికి పోదాం అంది. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. నాకూ అప్పుడు తప్పనిపించలేదు.

చట్టం మొదలవడానికి మూడు రోజుల ముందు జడ్జి స్టే ఇచ్చింది. వాడలో ఆ సాయంత్రం ఎవరో పాట పెట్టారు. కానీ రాష్ట్రం పైకోర్టుకి వెళ్లింది. స్టే ఏ రోజైనా పోవచ్చన్నారు. అందుకని బసీలియా కూతుర్ని వెనక్కి తేలేదు. ఆగస్టులో దుల్సే అవతలి బళ్లోనే చేరింది. తల్లి పని అయ్యాక మమ్మల్ని ఎక్కించుకుని, అరగంట అక్కడ ఆగి, పిల్లని చూసి వచ్చేది. మేం వ్యాన్‌లో కూర్చుని ఉండేవాళ్లం. ఆ అరగంట ఎవరమూ హారన్ కొట్టేవాళ్లం కాదు.

మరి ఆమె కూడా అటే వెళ్లిపోవచ్చు కదా. వెళ్లాలనే అనుకుంది, అద్దె ఇల్లు కాదు గనక ట్రైలర్‌కి తాళం వేస్తే సరిపోయేది. ఈలోగా ఒకటో పిటిషనర్ పని దొరికి మినెసోటా వెళ్లిపోయాడు. మూడో ఆమెని మొగుడు వద్దన్నాడు. ఇక మిగిలింది రెండో పిటిషనర్.

హానా వచ్చి సంగతి చెప్పింది. కోర్టు ఊరికే ఒక చట్టం తప్పా ఒప్పా అని చూడదు. దానివల్ల నష్టపోయే మనిషి ఒకరు ఎదురుగా నిలబడాలి. ఆ మనిషి ఈ రాష్ట్రంలో ఉండాలి. ఆ మనిషే లేకపోతే కేసు లేదు, కేసు లేకపోతే స్టే లేదు.

"అంటే గొడుక్కి కర్ర నువ్వన్నమాట" అంది గ్రెగోరియా. "నువ్వు వెళ్లిపోతే మేం తడుస్తాం."

నవ్వుతూనే అంది. కానీ మా వాడలో ఒకసారి పంపించేస్తే తిరిగొచ్చిన వాళ్లం పదకొండుమంది ఉన్నాం. గ్రెగోరియా ఒకతె, నేనొకదాన్ని. ఉండమని మేం ఎవరమూ బసీలియాని అడగలేదు. వెళ్లమని కూడా అనలేదు.

ఆమె ఉండిపోయింది. ఒంటరిగా తినేది. కూతురి మంచం మీద ఉతికిన బట్టలు పెట్టుకునేది. ఒక మంచం, ఒక కంచం, ఒక కుర్చీ తప్ప ఆ ఇంట్లో ఇంకేదీ వాడేది కాదు.

అక్టోబరులో రాష్ట్రం తరఫు లాయరు ఆమె వాంగ్మూలం తీసుకున్నాడు. ఊళ్లో ఒక హోటల్ మీటింగు గది. ఆయన పెద్దవాడు, మర్యాదస్తుడు. ఆమె గ్లాసులో నీళ్లు తనే పోశాడు. ఒక పక్క హానా, ఇంకో పక్క స్పానిష్‌లోకి మార్చి చెప్పే ఆవిడ. కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చెయ్యమన్నారు. ఎత్తింది. వేళ్లు పూర్తిగా చాచుకోలేదు. పూర్తిగా చాచక్కర్లేదని ఆయనే అన్నాడట.

ఆ తర్వాత జరిగినదంతా ఆమె మాకు మాట పొల్లుపోకుండా చెప్పింది.

"మీరెక్కడ ఉంటారు?"

వాడ పేరు, ఇంటి నంబరు చెప్పింది.

"మీతోపాటు ఎవరుంటారు?"

"ఎవరూ లేరండి."

"మీ అమ్మాయి?"

"మా చెల్లెలి దగ్గరుంటుంది. నది అవతల."

"ఎప్పట్నుంచి?"

"జూన్ నుంచి."

"జూన్‌లో అమ్మాయితోపాటు ఇంకేమైనా అక్కడికి తీసుకెళ్లారా?"

పిల్ల బట్టలు అంటే అయిపోయేది. అడిగినదానికే జవాబు చెప్పమని హానా ముందే చెప్పింది. కానీ అడిగినదే ఇది.

"సాన్ మిగెల్‌ని."

ఆయన ఆగాడు. ఎవరని అడిగాడు. చెప్పింది.

"ఆయన్ని ఊరికే తీసుకెళ్లారా?"

"ఊరికే తీసుకెళ్లకూడదండి. చెప్పాలి."

"ఏమని చెప్పారు?"

హానా అభ్యంతరం అంది. అన్నా జవాబు చెప్పాల్సిందేనని మార్చి చెప్పే ఆవిడ చెప్పింది.

"ఈ ఇల్లు అయిపోయింది, ఆ ఇంటికి పోదాం అని."

"అయిపోయింది అన్నారు."

"అవునండి."

"మరి మీరింకా ఇక్కడ ఎందుకుంటున్నారు?"

"ఈ కేసు కోసం."

గదిలో మూలన కూర్చుని టైపు చేస్తున్న ఆవిడ ఆ మాట టైపు చేసింది. ఆయన కాగితాలు సర్దుకున్నాడు. "థాంక్స్ అమ్మా, చాలా స్పష్టంగా చెప్పారు" అన్నాడు. నిజంగానే అన్నట్టుంది. వెటకారంగా కాదు.

మర్నాడు వ్యాన్‌లో గ్రెగోరియా తల పట్టుకుంది.

"నీ నోట్లో నువ్వుగింజ నానదా? గుడ్డ కప్పి తీసుకెళ్లానని ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయింది?"

"కప్పలేదు కదే."

"అన్నేళ్లు నోర్మా పేరు మీద బతికినదానివి. నీకు అబద్ధం కొత్తా?"

"అది కంపెనీకి చెప్పిన అబద్ధం. ఇది సాన్ మిగెల్‌కి చెప్పిన మాట. చెయ్యెత్తి ప్రమాణం చేసి, ఆయనకి నేనలా చెప్పలేదని ఎలా అనను?"

"మరి కేసు కోసం ఉంటున్నానని అనడమెందుకు? అదెవరికి మొక్కుకున్నావు?"

బసీలియా అద్దంలో వెనక చూసుకుంది. వంతెన ఎక్కింది. పలక మా తలల మీంచి వెనక్కి పోయింది.

రెండు వారాల తర్వాత శనివారం పొద్దున హానా ట్రైలర్‌కి వచ్చింది. బూట్లు గుమ్మంలో విప్పి, ఉన్న ఒక్క కుర్చీలో కూర్చోకుండా నిలబడింది. బసీలియా మంచం మీద కూర్చుని కుర్చీ చూపించాక కూర్చుంది. నేను కాఫీ కాస్తున్నాను. హానా స్పానిష్ బడిలో నేర్చుకున్నది, ఒక్కో మాటా ఏరి మాట్లాడుతుంది.

"మీరు తప్పేం చెప్పలేదు" అంది.

"తెలుసు."

"కానీ వాళ్లు జడ్జికి రాశారు. మీ ఇల్లు ఇక్కడ లేదని. కేసు నిలబెట్టడానికి మాత్రమే ఇక్కడ పడుకుంటున్నారని. కావాలని నెత్తిన వేసుకున్న కష్టం కోర్టు లెక్కలోకి రాదు."

"కావాలనా" అంది బసీలియా. అడిగినట్టు లేదు. ఆ మాట ఎలా ఉందో చూసుకున్నట్టుంది.

"శుక్రవారంలోగా నేను జవాబు వెయ్యాలి. మీరు కొత్తగా ఒక అఫిడవిట్ ఇవ్వొచ్చు. ఇదే నా ఇల్లు, ఇక్కడే ఉంటాను అని. అయితే అది నిజమవ్వాలి. దానిమీద మళ్లీ పిలిచి అడుగుతారు."

"నిజం కాకపోతే?"

"కాకపోతే నేనే కేసు వెనక్కి తీసుకుంటాను. ఇంకొకరిని వెతుకుతాను."

"దొరుకుతారా?"

"మీ తర్వాత పద్నాలుగు మందిని అడిగాను" అంది హానా.

"ఈలోగా స్టే?"

"ఉండకపోవచ్చు."

బసీలియా కిటికీ వైపు చూసింది. ఎదురుగా గ్రెగోరియా తన మెట్ల మీద కూర్చుని బూట్లు కడుక్కుంటోంది.

"మీరైతే ఏం చెయ్యమంటారు?"

"నేను ఆ మాట అనకూడదు. మీ ఇష్టం అయ్యుండాలి."

"అందరూ ఇదే అంటారు. మీరే చెప్పండి, మీ ఇష్టం. చెప్తే ఇదిగో, ఇలా అవుతుంది."

హానా మొహం ఎర్రబడింది. కాఫీ మొత్తం తాగింది, మావాళ్ల కాఫీ ఎంత తియ్యగా ఉంటుందో తెలిసీ. వెళ్లేటప్పుడు బూట్లు వేసుకుంటూ, "ఉన్నా వెళ్లినా మీ మీద నాకు గౌరవం తగ్గదు" అంది.

"గౌరవం సంగతి కాదమ్మా" అంది బసీలియా.

మధ్యాహ్నం ఆమె నదిని దాటి చెల్లెలింటికి వెళ్లింది. తోడు రమ్మంది, నేనూ వెళ్లాను. తోమాసా చుచితోలు చేస్తోంది. మొక్కజొన్న పిండి ముద్దలో మాంసం పెట్టి, పొత్తు ఆకులో చుట్టి, దారం కడుతోంది. మమ్మల్ని చూడగానే ఇద్దరికీ చెరో గిన్నె పిండి తోసింది. మేం కూర్చుని చుట్టసాగాం. బసీలియా అన్నీ చెప్పింది. తోమాసా దారం పళ్లతో తెంపుతూ వింది.

"ఆలోచించడానికేముంది అక్కా? సంచి తెచ్చుకో. ఇవాళే."

"అక్కడ పదకొండుమంది ఉన్నారే."

"వాళ్లని నువ్వు కన్నావా?" అని, అక్కడే ఉన్న నన్ను చూసి, "ఏమనుకోకమ్మా" అంది.

"ఏమనుకోను" అన్నాను.

"అడకత్తెరలో పోకచెక్క ఎవరైనా పెడితే పడుతుంది. నువ్వు నీ అంతట నువ్వే దూరి కూర్చున్నావు. కాగితాలున్న దానివి. ఇటుపక్క నిన్ను ఏ పోలీసూ ఏమీ అనడు. పదకొండు నిమిషాల దూరం."

"రేపు ఇటుపక్క కూడా అలాంటి చట్టం పెడితే?"

"పెట్టినప్పుడు చూద్దాం."

"అప్పుడు ఇంకో నది దాటాలి."

తోమాసా చేతిలోని ముద్ద బల్ల మీద పెట్టింది. "నీకు కూతురు కావాలా, కేసు కావాలా? అది చెప్పు ముందు."

దుల్సే ఆ గదిలోనే, సోఫా మీద లెక్కలు చేసుకుంటోంది. పెన్సిలు ఆగింది. బసీలియా చేతులు తుడుచుకుని వెళ్లి దాని పక్కన కూర్చుంది.

"ఇంటికి వస్తావా?" అని అడిగింది. "మునుపటిలా. మన ఇంటికి. మళ్లీ ఆ బళ్లోనే చేరుద్దాం."

దుల్సే పెన్సిలు పుస్తకంలో పెట్టి మూసింది.

"నువ్వే ఇక్కడికి వచ్చెయ్యచ్చు కదమ్మా."

"నేను అడిగినదానికి చెప్పు."

"అక్కడైతే నేను మూడింటికి వస్తాను. నువ్వు నాలుగింటికి వస్తావు. ఒకరోజు నాలుగింటికి రావనుకో. అయిదైంది. ఆరైంది. నేనెవరికి ఫోన్ చెయ్యాలి?"

"పిన్నికి."

"పిన్ని వంతెన దాటి రాగలదా?"

తోమాసాని కూడా ఒకసారి పంపించేశారు. ఆ సంగతి బసీలియా మర్చిపోలేదు. మర్చిపోయినట్టు ఒక్క క్షణం మాట్లాడింది, అంతే.

"రాలేదు" అంది.

"ఇక్కడైతే నువ్వు రాకపోయినా పిన్ని ఉంటుంది" అంది దుల్సే. అని, తల్లి మొహం చూసి, "నేను రానని కాదు. రమ్మంటే వస్తాను" అంది.

బసీలియా రమ్మనలేదు.

లేచి టీవీ పక్కన ఉన్న సాన్ మిగెల్ దగ్గరికి వెళ్లింది. తోమాసా, నేను, దుల్సే ముగ్గురమూ ఆమె చేతులనే చూస్తున్నాం. తక్కెడ ఒకవైపు ఒరిగి ఉంటే సరిచేసింది. వాడిన పువ్వు తీసేసింది. ఎప్పుడూ ఆయన ముందు ఏదో ఒకటి గొణిగేది. ఈసారి పెదవులు కదల్లేదు. ఆయనకి ఏదైనా చెప్తే అది మాట అవుతుంది. ఆ మాట ఇంకో గదిలో ఇంకొకరికి చెప్పాల్సొస్తుంది.

"తీసుకెళ్తావా?" అంది తోమాసా. గొంతు తగ్గింది. "ఆయన్ని ఇటూ అటూ తిప్పకూడదు అక్కా. ఆయనేం సూట్‌కేసు కాదు."

"తీసుకెళ్లను. పిల్లున్న చోటే ఉండనీ."

"మరి నీ ఇంట్లో?"

"నేనుంటాను."

తోమాసా ఏడవలేదు. మిగిలిన పిండి త్వరత్వరగా చుట్టేసింది. ఉడికినవి ఉడికినట్టు ఇరవై చుచితోలు డబ్బాలో పెట్టి, వ్యాన్ దాకా వచ్చి నా ఒళ్లో పెట్టింది. "మూర్ఖురాలు తినదు, నువ్వే తినిపించు" అంది, అక్క పక్కనే ఉండగా.

తిరిగొచ్చేసరికి ఇంకా వెలుగుంది. బసీలియా వాడ మొదట్లో వ్యాన్ ఆపి హానాకి ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టింది, నేను సాక్షిగా ఉంటానని కాబోలు.

"రాయండి" అంది. "నేను ఈ ఇంట్లో ఉంటున్నాను."

"ఊఁ."

"మా అమ్మాయి ఇక్కడ లేదు. సాన్ మిగెల్ ఇక్కడ లేడు."

"అవి రాయక్కర్లేదు బసీలియా గారూ. అవి మనకి మంచివి కావు."

"రాయండి. వాళ్లకి ఎలాగూ తెలుసు. ఈ చలికాలం నేనిక్కడే ఉంటాను. వచ్చే చలికాలం కూడా."

అటువైపు టైపు చేస్తున్న చప్పుడు.

"ఎందుకుంటున్నారు అని అడుగుతారు" అంది హానా. "మొన్నటి జవాబు ఉంది కదా. దానికి ఏదో ఒకటి చెప్పాలి."

బసీలియా స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని వాడ వైపు చూసింది. శనివారం సాయంత్రం. ఎవరి ఇంట్లోనో మిరపకాయలు కాలుస్తున్న ఘాటు. గ్రెగోరియా కడిగిన బూట్లు రెయిలింగ్ మీద ఆరుతున్నాయి.

"ఎందుకన్నది రాయద్దు. ఉంటున్నానని రాయండి."

"ఇది చాలుతుందో లేదో నేను చెప్పలేను."

"చాలకపోతే?"

"చాలకపోతే..." హానా ఆగింది. "మీరు ఉండీ లాభం ఉండదు. కేసు పోతుంది, చట్టం వస్తుంది. అప్పుడు మీరు నదికి ఇవతలిపక్కే ఉంటారు."

"సరే" అంది బసీలియా.

"సోమవారం సంతకం పెట్టాలి. ఈలోగా మనసు మారితే..."

"సోమవారం పని ఉంది. మూడున్నర తర్వాత రండి."

ఫోన్ పెట్టేసింది. వెళ్లిపో అని చెప్పడానికి నాకు అదే సమయం. నా నోట్లో మాట ఉంది. నా ఒళ్లో డబ్బా వేడిగా ఉంది. నేను చెప్పలేదు.

మర్నాడు ఆదివారం. ఆమె చర్చికి రాలేదు. మేం తిరిగొచ్చేసరికి వ్యాన్ వెనక తలుపులు తెరిచి ఉన్నాయి. హైవే పక్క రైతు దగ్గర్నుంచి దిమ్మ కట్టిన గడ్డిమోపులు అప్పటికి నాలుగు విడతలు తెచ్చి దించింది. మా ట్రైలర్ల కింద ఖాళీ ఉంటుంది. అక్కడ గాలి దూరితే పైపులు గడ్డకట్టి పగులుతాయి. చలికాలం ఇక్కడే ఉండేవాళ్లు నవంబరుకి ముందే చుట్టూ గడ్డి పేరుస్తారు.

"ఏంటి వదినా, కోట కడుతున్నావా?" అంది గ్రెగోరియా, చర్చి బట్టల్లోనే.

"ఆ కొస పట్టుకో."

గ్రెగోరియా చేతిసంచి తన మెట్ల మీద పెట్టి వచ్చింది. పైట నడుముకి దోపినట్టు శాలువా ముడేసుకుని కొస పట్టుకుంది. నేనూ పట్టుకున్నాను. వెనకవైపు మొదలుపెట్టి, మోపుకి మోపు ఆనించి, రెండు పక్కలా వచ్చాం. ప్రతి మోపునీ బసీలియా మోకాలితో నొక్కి చూసింది. వేలు దూరే సందున్న చోట విడి గడ్డి కూరింది. మధ్యాహ్నం రెండింటికి ముందువైపుకి వచ్చేశాం. మెట్ల దగ్గర ఒక్క మనిషి పట్టేంత చోటు వదిలి, ఆఖరి మోపు పెట్టింది.